గౌరీశ్వరి చెవి

పరీక్ష పోయినందుకు గౌరీశ్వరి ఒక్క పూట ఏడ్చింది. గంగాభవాని పాసైనందుకు మాత్రం ఆరు నెలలు ఏడ్చింది. మొదటి ఏడుపు హాస్టలంతా చూసింది. వార్డెను వెన్ను నిమిరింది, వంటామె గంగాలమ్మ కాఫీ పట్టుకొచ్చి దగ్గరుండి తాగించింది. రెండోది ఎవరికీ చెప్పుకునేది కాదు. కడుపునొప్పికి మందుంది గాని కడుపుమంటకి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు, అక్కడ పనిచేసేవాళ్ళకి ఆ సంగతి ఇంకా బాగా తెలుసు.

ఇద్దరూ ఒకే ఏడు నర్సింగ్ స్కూల్లో చేరారు, మూడున్నరేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. భవాని వాళ్ళది అమలాపురం పక్క. తండ్రికి పోర్టులో క్రేన్ మీద ఉద్యోగం వచ్చి విశాఖపట్నంలో స్థిరపడ్డారు. గౌరీశ్వరి వాళ్ళు స్టీలు ప్లాంటుకి భూములు పోయిన ఊరి రైతులు, ఇప్పుడు కూర్మన్నపాలెం దగ్గర పునరావాసం కాలనీలో ఉంటున్నారు. చేరిన కొత్తలో భవానికి రక్తం చూస్తే కళ్ళు తిరిగేవి. గౌరీశ్వరే ఆమె చెయ్యి పట్టుకుని డ్రెస్సింగ్ గదిలోకి తీసుకెళ్ళేది. ఎముకల పేర్లు నోటికి రాకపోతే తన వేళ్ళు, మోచెయ్యి, మోకాలు చూపించి ఒక్కొక్కటీ చెప్పించింది. అలా చెయ్యి పట్టుకుని నడక నేర్పిన పిల్ల మనల్ని దాటుకుని చక్కా వెళ్ళిపోతే సంతోషించాలంటారు పెద్దలు. వాళ్ళకేం, ఎన్నయినా అంటారు.

పరీక్ష పోయిన తీరు ఇంకా ఘోరం. పురుళ్ళ వార్డులో ఒక పాత అలవాటుంది. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి నూట ఇరవై నుంచి నూట అరవై సార్లు కొట్టుకోవాలని పుస్తకంలో ఉంటుంది. అరగంటకోసారి గరాటులాంటి చెక్క గొట్టం తల్లి పొట్ట మీద ఆనించి, దానికి చెవి పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టి చార్టులో రాయాలి. మంచాలు పదకొండు, నర్సులు ఇద్దరు. అందుకని ఎవరూ వినరు, మధ్యస్తంగా నూట నలభై అని రాసేస్తారు. ఆ వార్డు చార్టులు తిరగేస్తే విశాఖపట్నంలో పుట్టే పిల్లలందరికీ దేవుడు ఒకే గడియారం బిగించి పంపుతున్నాడేమో అనిపిస్తుంది.

ఆఖరి పరీక్ష ప్రాక్టికల్స్‌కి బయటి ఊరినుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఒకే గర్భిణీని పడుకోబెట్టి ఒక్కో అమ్మాయినీ పిలిచి బిడ్డ గుండె వినమంది. గౌరీశ్వరి గొట్టం పెట్టింది. ఏమీ వినపడలేదు. అయినా నోరు తన పని తాను చేసుకుపోయింది, నూట నలభై మేడమ్ అనేసింది. ఆవిడ అక్కడే గొట్టం ఆనించి విని, బిడ్డ వీపు అటుపక్కనుంటే నువ్వు కాళ్ళ దగ్గర విన్నావు, కాళ్ళకి గుండె ఉంటుందా అమ్మాయ్ అని అడిగింది. తరవాత భవాని వంతు. భవానికీ వినపడలేదు. దొరకలేదండి, ఇంకోసారి వెతుక్కోనా అంది. వెతుక్కుంది, దొరికింది, పాసైంది.

గౌరీశ్వరికి మింగుడుపడనిది అదే. ఇద్దరికీ వినపడలేదు కదా. వినపడలేదన్న మాటకి కూడా మార్కులేస్తారా? చేతకాదని ఒప్పుకున్నది నర్సు, ఒప్పుకోనిది కాదా? ఇలా లోలోపల వాదించుకుని, ప్రతిసారీ తనే గెలిచేది. గెలిచినా భవాని తెల్లచీరలో, తను స్టూడెంటు నీలం చీరలో.

తప్పినవాళ్ళు మళ్ళీ ఆరు నెలలు అదే వార్డులో పనిచేసి పరీక్షకి కూర్చోవాలి. భవానికి ఆ వార్డులోనే స్టాఫ్ నర్సుగా వేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. స్టాఫ్ నర్సుని సిస్టర్ అని పిలవాలని వార్డు నియమం. వద్దే, భవానీ అనే పిలువు, నాకేదో లాగుంటుంది అంది భవాని. గౌరీశ్వరి పట్టుబట్టి సిస్టర్ అనే పిలిచింది. బెడ్‌పాను తెచ్చినా సిస్టర్, దుప్పటి మార్చినా సిస్టర్. పిలిచిన ప్రతిసారీ భవాని మొహం చిన్నబోతుంటే అదొక్కటే ఆమెకి రోజంతటిలో సుఖం.

ఈసారి కూడా పోతే మళ్ళీ రాసుకోవచ్చులే అనుకునే రోజులు కావవి. భూమి పోయిన ఇంటికి ఒక కార్డు, కార్డుకి ఒక ఉద్యోగం. ప్లాంటువాళ్ళు ఆసుపత్రి పెడతారని, నర్సుల్ని తీసుకుంటారని అనుకుంటున్నారు. తండ్రి శ్రీరామ్మూర్తి ఇంటి కార్డుని కూతురి పేరున పెట్టాలనుకున్నాడు. అయితే జూన్ పరీక్షలో పాసై నర్సుగా రిజిస్టర్ నంబరు తేవాలి. తేకపోతే కార్డు అన్న కొండలరావుకి వెళ్ళిపోతుంది. కొండలరావు ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేస్తాడు. ఒక ఆదివారం హాస్టలుకి వచ్చి, తెచ్చిన జీడిపప్పు పొట్లం చేతికిచ్చి, మెట్ల మీద కూర్చున్నాడు.

"నువ్వు పాసైతే నాను సంతోషపడతాను సెల్లీ. అవ్వకపోయినా సంతోషపడతాను. అబద్దం సెప్పడం ఎందుకు, నీ దగ్గర?"

గౌరీశ్వరి నవ్వింది. ఓర్వలేనితనాన్ని అలా పొట్లంతోపాటు చేతికిచ్చేసి వెళ్ళిపోగలిగితే ఎంత హాయి అనుకుంది. ఆమెకా విద్య లేదు.

ఇక నేర్చుకోక తప్పలేదు. నేర్పగలిగింది భవాని ఒక్కతే. సిస్టర్ ట్యూటర్ రామలక్ష్మమ్మ పాఠం చెబుతుంది గాని మంచం దగ్గరకి రాదు. భవాని తనే అడిగింది, మధ్యాహ్నం నా డ్యూటీ అయ్యాక ఒక గంట కూర్చుందాం అని. వద్దనడానికి గౌరీశ్వరికి నోరు రాలేదు, కార్డు గుర్తొచ్చింది. రోజూ ఆ గంట విషం మింగినట్టు మింగింది. ముందు చేత్తో పొట్ట తడిమి వీపు ఎటుందో చూసుకోమనేది భవాని. ఎడమచెయ్యి తల్లి నాడి మీద ఉంచమనేది, లేకపోతే తల్లి గుండెనే బిడ్డదనుకుంటావు. కళ్ళు మూసుకోమనేది. గొట్టాన్ని చేత్తో పట్టుకోవద్దు, చెవితోనే అదిమి పట్టు, చెయ్యి తగిలితే చెయ్యి చప్పుడే వినిపిస్తుంది.

మూడువారాలు ఏమీ వినపడలేదు. వినపడేది రేవులో ఓడ కూత, వరండాలో ఆయమ్మల తగువు, కిటికీలోంచి వచ్చి దుప్పట్ల మీద పడే ఎర్రటి ఖనిజం ధూళిని దులుపుతున్న చప్పుడు. నాలుగోవారం ఒక మధ్యాహ్నం దిండు కింద పెట్టిన చేతిగడియారం లాగా దూరంగా టకటకమని మొదలైంది. గౌరీశ్వరి ఊపిరి బిగబట్టింది. పావు నిమిషానికి ముప్ఫయ్యారు. వినిపించింది అని తలెత్తేసరికి ఎదురుగా భవాని మొహం వెలిగిపోతూ ఉంది. ఆ సంతోషం నాది కదా, ఇది ఎందుకు పడుతోంది అనుకుంది గౌరీశ్వరి.

అక్కణ్ణుంచి ఆమె చెవి పదునెక్కింది. రెండు నెలల్లో వార్డులో ఎవరికీ దొరకని గుండె ఆమెకి దొరికేది. డాక్టర్లు కూడా గౌరిని పిలవండి అనేవారు. భవాని అందరితో నా శిష్యురాలండీ అని చెప్పుకునేది. ముచ్చటకే అనేది, దాని మనసులో మరేమీ లేదు. కాని ఎముకల పేర్లు నేర్పిన గురువు ఎవరో ఎవరికి గుర్తుంటుంది? ఆ మాట విన్నప్పుడల్లా గౌరీశ్వరికి ఒళ్ళు మండేది. ఏదో ఒకరోజు దీని తెల్లచీర మీద ఒక్క మరక పడకపోతుందా అని ఎదురుచూస్తూ ఉండేది. దేవుడికి మొక్కలేదు గాని మొక్కినంత పనీ చేసింది.

ఏప్రిల్లో ఒక ఉదయం మంచాలన్నీ నిండాయి. రెండో నర్సు సెలవు. తొమ్మిదో మంచం మీద చిట్టెమ్మ అనే పద్దెనిమిదేళ్ళ పిల్ల, తొలిచూలు, మొగుడు గవర్రాజు ఆటోనగర్ షెడ్డులో వెల్డరు. నొప్పులు వస్తున్నా గట్టిగా అరవకుండా చీర కొంగు నోట్లో కుక్కుకుంటోంది. మొదటి మంచం దగ్గర పురుడు వస్తుంటే భవాని అక్కణ్ణుంచి కదల్లేకపోయింది. పదకొండు గంటలకి చార్టులన్నీ ఒక్కసారి ముందేసుకుని, నిలబడే, పదకొండింటిలోనూ నూట నలభై రాసి సంతకం పెట్టింది. వార్డు అలవాటు ఆమెనీ పట్టుకుంది. దొరకలేదండి అన్న మనిషి ఇప్పుడు విననే లేదు.

గౌరీశ్వరి అది చూసింది.

పదకొండుంబావుకి తొమ్మిదో మంచం దగ్గర కూర్చుని, ఊరికే, చెవి సాధన కోసం, గొట్టం ఆనించింది. ఎడమచెయ్యి తల్లి నాడి మీద. నాడి వేరుగా ఉంది, ఇది వేరుగా ఉంది. పావు నిమిషానికి ఇరవై నాలుగు. అంటే తొంభై ఆరు. తప్పేమో అనుకుని మళ్ళీ విన్నది. ఇరవై నాలుగు. నొప్పి పోయాక కూడా ఇరవై నాలుగే. లోపల బిడ్డకి ఊపిరాడటం లేదు.

గది ఆ చివర భవాని వీపు కనిపిస్తోంది. ఒక్క కేక వేస్తే చాలు. తల్లిని ఎడమపక్కకి తిప్పి, ఆక్సిజన్ పెట్టి, డాక్టరుకి కబురు పంపాలి. ఆ వరస గౌరీశ్వరికి నిద్రలో అడిగినా వస్తుంది. కాని కేక వేస్తే భవాని పరిగెత్తుకొస్తుంది, చార్టులో ఆ నూట నలభైని దిద్దుకుంటుంది, ఎవరికీ తెలియకుండా సర్దుకుపోతుంది. పదకొండున్నరకి వార్డు డాక్టరమ్మ రౌండుకి వస్తుంది. ఆవిడే చార్టు చూస్తుంది, ఆవిడే గొట్టం పెడుతుంది, ఆవిడే పట్టుకుంటుంది. పావుగంటే కదా. నాలాంటి తప్పిన స్టూడెంటు మాట ఎవరు నమ్ముతారు, ఇంకా రెండుసార్లు విని నిర్ధారణ చేసుకోవద్దూ? ఇన్ని మాటలు అనుకున్నది గాని, లోపలున్నది ఒకటే మాటని అప్పుడే ఆమెకి తెలుసు. పడాలి, భవాని అందరి ముందూ పడాలి.

వింటూ కూర్చుంది. ఇరవై నాలుగు. ఇరవై మూడు. చిట్టెమ్మ ఏటమ్మా, పిల్ల బాగున్నాదా అని అడిగింది. బాగుంది అంది గౌరీశ్వరి. పదకొండున్నర అయింది. డాక్టరమ్మ ఆపరేషన్ థియేటర్లో చిక్కుకుపోయి రాలేదు. ఇంకో అయిదు నిమిషాలకి ఉమ్మనీరు పోయింది, ఆకుపచ్చగా; బిడ్డ ప్రాణం మీదికొచ్చిందనడానికి గుర్తు. అప్పుడు గౌరీశ్వరి కేక వేసింది. ఆ కేక నిజమైనదే. వార్డు దద్దరిల్లింది.

తరవాత అన్నీ చకచకా జరిగాయి. డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది, పట్టకారు వేసి బిడ్డని లాగింది. ఆడపిల్ల. నీలంగా ఉంది, ఏడవలేదు. భవాని నోట్లో నోరు పెట్టి ఊదింది. చాలాసేపటికి పిల్లి పిల్ల కూసినట్టు ఒక చిన్న కూత. డాక్టరమ్మ నుదురు తుడుచుకుంటూ, నువ్వెప్పుడు విన్నావమ్మాయ్ అంది.

"ఇప్పుడే మేడమ్," అంది గౌరీశ్వరి. చార్టులో పదకొండూ ముప్ఫై అయిదు అని రాసింది.

పదకొండు గంటల గడిలో నూట నలభై, కింద భవాని సంతకం. ఎవరూ ఏమీ అనకముందే భవాని మేట్రన్ గదికి వెళ్ళి, పదకొండింటికి నేను వినకుండా రాశానండి, గౌరీశ్వరి పట్టుకోకపోయుంటే ఆ బిడ్డ దక్కేది కాదు అని తనే చెప్పేసింది. ఆమెని పురుళ్ళ వార్డు నుంచి తీసేసి ఊరవతల క్షయ వార్డుకి మార్చారు. సర్వీసు పుస్తకంలో రాశారు.

నిజం చెప్పుకోవాలంటే ఆ రోజు గౌరీశ్వరి అన్నం రుచిగా తింది. మారు వడ్డించుకుంది కూడా. ఆ రుచి మర్నాటికల్లా పోయింది. ఎందుకంటే మర్నాడు వార్డులో ఎవరి నోట విన్నా భవాని మాటే. తప్పు చేసి తనంతట తాను వెళ్ళి ఒప్పుకోడానికి గుండె ఉండాలమ్మా అంటారు ఆయమ్మలు. రామలక్ష్మమ్మ అయితే క్లాసులో అందరి ముందూ చెప్పింది. పడగొట్టినా అది ఎత్తు మీదే పడింది. చెయ్యి పట్టుకుని నడిపించిన రోజునుంచీ దానికున్నదీ తనకి లేనిదీ ఏమిటో గౌరీశ్వరికి మొదటిసారి తెలిసింది. తెలిశాక మంట తగ్గాలి కదా. రెట్టింపైంది. చదువులో దాన్ని దాటొచ్చు, చెవిలో దాటొచ్చు, దీన్లో దాటే దారి లేదు. ఆ దారిని తనే ఇరవై నిమిషాలు కూర్చుని మూసుకుంది.

వెళ్ళే ముందు భవాని పెట్టె సర్దుకుంటూ తన నోట్సులన్నీ గౌరీశ్వరి మంచం మీద పెట్టింది. "పరీక్షకి పనికొస్తాయే. నా మీద కోపమెందుకో నాకు తెలియదు గానీ, నువ్వు మాత్రం ఈసారి తప్పకూడదు," అంది. గౌరీశ్వరి సిస్టర్ అనలేదు, భవానీ అనీ అనలేదు. పెట్టె మోసి రిక్షా దాకా దిగబెట్టింది.

జూన్ పరీక్షకి మొదటిసారి తప్పించిన ఆ బయటి ఊరి డాక్టరమ్మే వచ్చింది. రామలక్ష్మమ్మ ముందే చెప్పినట్టుంది, ఈ పిల్లే మేడమ్, ఆ తొమ్మిదో మంచం కేసు పట్టుకున్నది అని. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసి చూసింది. గుర్తుపట్టింది. గొట్టం ఇవ్వనే లేదు. ఆ రోజేం జరిగిందో వరసగా చెప్పు, నెమ్మది గుండె వినగానే నువ్వేం చేశావు అని అడిగింది.

గౌరీశ్వరి వరస చెప్పింది. తల్లి నాడితో పోల్చి చూశాను, పావు నిమిషం చొప్పున మూడుసార్లు లెక్కపెట్టాను, ఎడమపక్కకి తిప్పాను, ఆక్సిజన్ పెట్టించాను, డాక్టరుగారికి కబురు పంపాను. కబురు ఎంతసేపటికి పంపావు అని అడిగింది డాక్టరమ్మ.

"వెంటనే మేడమ్."

డాక్టరమ్మ తలూపి మార్కు వేసింది. పాఠాల పుస్తకంలో కూడా అంతకంటే సరైన జవాబు లేదు. నెల్లాళ్ళకి ఫలితాలొచ్చాయి, గౌరీశ్వరి ఫస్టు క్లాసు. రిజిస్టర్ నంబరు వచ్చింది. తండ్రి కార్డు మీద ఆమె పేరు రాయించాడు. కొండలరావు చెప్పినట్టే సంతోషపడ్డాడు, కాకపోతే రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ప్లాంటు ఆసుపత్రి వచ్చేదాకా ఉండమని వార్డులోనే తెల్లచీర ఇచ్చారు. ఖాళీ అయిన భవాని చోటే అది.

సెప్టెంబరులో ఒక ఉదయం చిట్టెమ్మ పిల్లనెత్తుకుని వచ్చింది. పిల్లల డాక్టరు దగ్గర చీటీ రాయించుకుని, పనిగట్టుకుని పురుళ్ళ వార్డుకి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి గౌరమ్మా అని పిలిచింది. పిల్లకి అయిదో నెల. ఇంకా మెడ నిలపలేదు. డాక్టరు చూసి, పుట్టినప్పుడు ఊపిరి ఆలస్యమైంది కదా, కొన్నాళ్ళు చూడాలి అన్నాడట. చూడాలంటే ఏటో నాకు సెప్పలేదమ్మా అంది చిట్టెమ్మ. ఆ మాటకి అర్థమేమిటో గౌరీశ్వరికి తెలుసు, చెప్పలేదు.

చిట్టెమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆ గోదారి సిస్టరమ్మ తప్పు లెక్క రాయబట్టే ఇలాగైందట గదా? ఆయమ్మలు సెప్పినారు. దాని సేతులు పడిపోను. రోజూ తిట్టుకుంతన్నాను."

తొమ్మిది నెలలుగా ఈ మాట కోసమే గౌరీశ్వరి చెవి నిక్కపొడుచుకుని ఉంది. భవానిని ఎవరైనా, ఒక్కరైనా, నోరారా తిట్టాలని. వచ్చింది. చెవి పక్కనే, స్పష్టంగా. వినలేకపోయింది.

"ఆయమ్మ కాదు చిట్టెమ్మా," అంది. నాలుగేళ్ళ హాస్టలు భాష ఎటు పోయిందో, నోట్లోంచి ఊరి మాటే వచ్చింది. "నాను. పదకొండుంబావుకే ఇన్నాను. నీ పిల్ల గుండె తగ్గిపోతన్నాదని నాకు తెలుసు. ఇరవై నిమిషాలు సెప్పకండా కూకున్నాను. ఆయమ్మని పట్టించాలని. నువ్వడిగితే బాగున్నాది అన్నాను, గుర్తుందా?"

చిట్టెమ్మ ఆమె మొహంలోకి తేరిపార చూసింది. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు కొడుతుంది అని గౌరీశ్వరి నిలబడింది. అరిస్తే బాగుండుననే నిలబడింది. చిట్టెమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎంత మంచిదానివమ్మా నువ్వు. నేస్తం తప్పు నీ నెత్తినేసుకుంతన్నావు. నీ కేక ఇన్నాను గదా నాను, అలాటి కేక ఏసిన మనిషి అలాటి పని సేస్తాదా?"

కాదు, నిజం చెబుతున్నాను అంది గౌరీశ్వరి. ఇంకోసారి చెప్పింది. ఎంత చెబితే అంత మంచిదైపోతోంది. భవానికున్న ఏ పేరు కోసం ఇన్నాళ్ళూ కళ్ళల్లో నిప్పులు పోసుకుందో ఆ పేరే తెచ్చి ఈ పిల్లతల్లి తన మెడలో వేస్తోంది, తీసేద్దామంటే రావడం లేదు.

"నీ పేరే పెట్టినాం," అంది చిట్టెమ్మ. "గౌరి. ఒకపాలి ఎత్తుకో. నీ సేతి మీద బేగి కోలుకుంతాది."

పిల్లని ఆమె చేతుల్లో పెట్టింది. తల వెనక్కి వాలిపోబోయింది. గౌరీశ్వరి అరచెయ్యి మెడ కింద పెట్టి పట్టుకుంది. చిట్టెమ్మ మళ్ళీ తీసుకునేదాకా ఆ చెయ్యి అలాగే ఉంచింది.